ఇష్టం చెప్పడం, కాదనడం: మన పెద్దల పద్ధతి

సెలవులకు హాస్టల్ నుంచి ఊరికి వచ్చిన పిల్లలతో కూర్చుంటే మేము తరచూ రెండు మాటలు వింటున్నాం. మగపిల్లలు అంటారు: "వెంట పడితేనే ఒప్పుకుంటుంది." ఆడపిల్లలు అంటారు: "ఊరుకుంటే ఇష్టమే అనుకుంటారు, కాదంటే పొగరంటారు." ఈ మాటలు మన గూడేల్లో పుట్టినవి కావు, సినిమాల నుంచి వచ్చినవి. పెద్దలను అడిగితే "మా కాలంలో ఇలా లేదు" అని ఊరుకుంటారు. మరి ఎలా ఉండేది? ఒకరి మీద మనసు పడితే మనవాళ్లు ఎలా చెప్పేవాళ్లు? ఎలా కాదనేవాళ్లు? ఇది కూడా మన చరిత్రే. దీన్ని మనం రాసుకోలేదు కాబట్టి ఇతరులు రాశారు.

ఆదిలాబాద్ గోండుల దండారీ నుంచే మొదలుపెడదాం. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండు గుమేలలు వాయించుకుంటూ, నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలను వెంటబెట్టుకుని ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడిగి, అన్నం పెట్టి, రాత్రికి ఉంచుకుంటారు. బయటివాళ్లు దీన్ని నాట్యంగానే చూస్తారు. మనకు అది రెండు ఊళ్ల యువకులు ఒకరినొకరు చూసుకునే సందర్భం కూడా. ఎన్నో పెళ్లి మాటలు దండారీ రాత్రుల తర్వాతే మొదలయ్యాయి.

అయితే చూపు కలవగానే మాట కలవదు. ముందు సగ తెలియాలి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల్లో ఇద్దరిదీ ఒకటే అయితే వాళ్లు అన్నాచెల్లెళ్లు. అక్కడ ఎకసెక్కానికే చోటు లేదు. వరుస కలిసిన మేనత్త కొడుకు, మేనమామ కూతురు మధ్య ఆటపట్టించడం ఉంటుంది, అదీ పదిమంది ముందే. ఎవరితో నవ్వవచ్చో, ఎవరి ముందు తల దించుకోవాలో పిల్లలకు చిన్నప్పుడే తెలిసేది.

మనసు ఎలా మొగ్గుతుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఏదైనా మళ్లీ మళ్లీ కనబడుతుంటే దాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయోన్స్ ప్రయోగాలతో చూపించాడు. ఈ సంగతిని మన పెద్దలు పుస్తకంలో చదవలేదు. కానీ పండుగ, జాతర, నాట్లు, కోతలు, ఇప్పపూల ఏరివేత అన్నీ యువతీ యువకులు పనిలో, పాటలో మళ్లీ మళ్లీ ఎదురుపడే చోట్లే. మనిషి పని చేసే తీరు, ముసలివాళ్లతో మాట్లాడే తీరు అక్కడ దాగవు.

గోదావరి దాటి బస్తర్‌కు వెళ్తే మురియాల ఘోటుల్ కనిపిస్తుంది. మన భద్రాచలం అడవుల్లో గుత్తికోయలుగా బతుకుతున్న కుటుంబాలు ఆ బస్తర్ నుంచి వచ్చినవే. పెళ్లికాని అబ్బాయిలు, అమ్మాయిలు సాయంత్రం ఘోటుల్‌లో చేరి పాటలు, ఆటలు, పని, క్రమశిక్షణ నేర్చుకునేవాళ్లు. అబ్బాయి చెక్కతో దువ్వెన చెక్కి తనకు నచ్చిన అమ్మాయికి ఇచ్చేవాడు. ఆమె దాన్ని జుట్టులో పెట్టుకునేది. ఆ దువ్వెన అందరికీ కనబడేది. వెరియర్ ఎల్విన్ 1947లో ఘోటుల్ మీద పెద్ద పుస్తకం రాశాడు. అక్కడి స్నేహాలు చాలావరకు పెళ్లి దాకా పోలేదనీ, పెళ్లిళ్లు పెద్దలే కుదిర్చేవాళ్లనీ అందులోనే ఉంది. కానీ చదివినవాళ్లలో చాలామందికి గుర్తున్నది ఆ క్రమశిక్షణ కాదు, ఒకే కప్పు కింద నిద్రపోవడం మాత్రమే.

ఉత్తరాన సవరల పద్ధతి ఇంకొకటి. అబ్బాయి తరఫువాళ్లు కల్లు కుండ, బాణం పట్టుకుని అమ్మాయి ఇంటికి పోతారు. కుండను స్వీకరిస్తే మాట ముందుకు సాగుతుంది. లేకపోతే లేదు. ఎవరికీ అనుమానం మిగలదు.

ఈ మూడింటిలో మాకు ఒకే సంగతి కనబడుతోంది. ఇష్టానికి కంటికి కనబడే గుర్తు ఉంది, దాన్ని చూసే జనం ఉన్నారు, దానికి జవాబు కోసం ఆగడం ఉంది. నవ్వు జవాబు కాదు. 1982లో ఆంటోనియా ఏబీ అనే పరిశోధకురాలు ఆడవాళ్లు స్నేహంగా మాట్లాడితే మగవాళ్లు దాన్ని కోరికగా పొరబడే సంగతిని అధ్యయనం చేసి చూపించింది. ఆ పొరపాటుకు మందు దువ్వెన లాంటి, కుండ లాంటి స్పష్టమైన గుర్తే.

గతమంతా బంగారమని మేము చెప్పం. అమ్మాయిని ఎత్తుకుపోయి చేసుకునే పెళ్లి గోండుల్లో, కొండరెడ్లలో, మరికొన్ని తెగల్లో ఉండేది. కొన్నిసార్లు అది ఇద్దరూ ముందే అనుకున్న నాటకం. కొన్నిసార్లు ఆమె ఏడ్చినా ఎవరూ వినలేదు. తర్వాత పంచాయితీలో తప్పు కట్టించినంత మాత్రాన ఆమె మనసు తిరిగి రాదు. దీన్ని ఆచారమని వెనకేసుకు రాకూడదు. అదే సమాజంలో భర్తతో పొసగని ఆడమనిషి విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకోగలిగింది. హైమెండార్ఫ్ గోండుల గురించి రాసినప్పుడు ఈ స్వేచ్ఛను గమనించాడు. రెండూ మన చరిత్రే.

బయటివాళ్లు ఆ స్వేచ్ఛను చూసి "వాళ్లలో అన్నీ మామూలే" అన్నారు. ఈ ఒక్క మాట వల్ల మన ఆడపిల్లలకు జరిగిన అన్యాయం ఇంతా అంతా కాదు. కంట్రాక్టు పనులకు, వ్యాపారానికి వచ్చినవాళ్లు ప్రేమంటూ నమ్మించి, బిడ్డ కడుపులో పడగానే వెళ్లిపోయిన కథ లేని ఏజెన్సీ మండలం ఉందా? వాళ్లకు మన స్వేచ్ఛ తెలిసింది. దానితో పాటు ఉన్న బాధ్యత తెలియలేదు. మనమేమో సిగ్గుపడి, మన పద్ధతుల గురించి పిల్లలకు చెప్పడమే మానేశాం. ఆ ఖాళీలోకి సినిమా వచ్చింది, ఫోను వచ్చింది, ఓలి పోయి కట్నం వచ్చింది.

ఇప్పుడు ఇష్టం చెప్పేది ఫోనులో, రాత్రిపూట, ఎవరూ చూడని చోట. జవాబు రాకపోతే మళ్లీ నలభైసార్లు ఫోను. అమ్మాయి భయపడి చదువు మానేస్తే "ఏదో జరిగింది" అని ఊరు ఆమెనే అంటుంది. ఇంకో సంగతి కూడా మన యువతకు తెలియాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని అమ్మాయితో ఆమె ఇష్టంతోనే ఉన్నా అది నేరమే. "మా ఆచారం" అన్నంత మాత్రాన కేసు ఆగదు. ఇద్దరూ ఇష్టపడి ఊరు దాటిన చోట అబ్బాయి జైలుకు, అమ్మాయి హోముకు పోతున్నారు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి. దండారీని, థింసాను వార్షికోత్సవంలో వేదిక మీద ఆడించి ఆపేయకండి. ఆ ఆట ఎందుకు పుట్టిందో, అందులో వరుస ఏమిటో, ఎవరు ఎవరి జవాబు కోసం ఆగేవాళ్లో పిల్లలతో మాట్లాడండి. ఊరి ముసలమ్మలను బడికి పిలవండి. ఈ చరిత్ర వాళ్ల దగ్గర ఉంది.

తమ్ముళ్లకు ఒక్క మాట. దువ్వెన చెక్కడం అబ్బాయి పని. దాన్ని జుట్టులో పెట్టుకోవాలో వద్దో ఆమె ఇష్టం. పెట్టుకోకపోతే ఆ అబ్బాయి వెంట పడకూడదు. మర్యాదగా ఇంటికి పోవాలి.