వాల్తేరునకు వచ్చిన సీమ యింజనులు

ఓడలు లోపలికి వచ్చి నిలువదగిన నౌకాశ్రయము మా విశాఖపట్టణమునకు అమరుటకు దాదాపు నలువది యేండ్లు ముందుగనే రైలు వచ్చినది. బెజవాడ మొదలు కటకము వరకు 1893–1896 నడుమ విడతలుగా పట్టాలు పరచి, 1901, 1902 సంవత్సరములలో ఆ మార్గపు దక్షిణభాగమును మద్రాసు రైల్వేకును, ఉత్తరభాగమును బెంగాలు నాగపూరు రైల్వేకును పంచియిచ్చుటతో, మా పట్టణపు వాల్తేరు స్టేషను ఉభయుల పొలిమేర యయ్యెను.

ఆ పొలిమేరయందు కూసిన యింజనులలో మిక్కిలి భాగము గ్లాస్గో, మాంచెస్టరు వంటి బ్రిటిషు పట్టణములలో పుట్టినవే. 1895లోనే అజమీరు కర్మాగారము మీటరుగేజి యింజనును నిర్మించి మనవారి సామర్థ్యమును నిరూపించినను, ఆర్డరులు మాత్రము సముద్రము దాటియే పోవుచుండెను. ఇది నా మనస్సును నేటికిని నొప్పించును. మన పెద్దపట్టాల నడిమి యెడము ఐదడుగుల ఆరంగుళములు, వారిది నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. కావున మనకై చేసిన యింజను ఆ దేశపు రైలుమార్గములపై తన చక్రములతో నడువజాలక, వాహనములపై రేవు చేరి, క్రేనున వ్రేలాడి ఓడలోనికి దిగి, మన నేల చేరిన పిమ్మటనే పరుగు నేర్చెడిది.

మధ్యపరగణాల మాంగనీసును సముద్రమునకు దింపుటకై 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తికాగా, 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అను ఓడ మా నూతన నౌకాశ్రయమున ప్రవేశించెను; డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. రేవు రైలుకు బిడ్డ యనుట అతిశయోక్తి కాదు. ఇక సీమ యింజనుల మాటకు వచ్చినచో, బెంగాలు నాగపూరు రైల్వేవారు 1930 ప్రాంతమున మాంచెస్టరులోని బేయర్ పీకాక్ వారిచే చేయించిన గారట్ యింజనులు ఒక్కొక్కటి 234 టన్నులు తూగెడివి. నడుమ ఒకే బాయిలరు, దానికి ముందువెనుకల రెండు చక్రసమూహములు. వాటిలో 815వ సంఖ్య గలది నేడు ఢిల్లీ రైలు మ్యూజియమున నున్నది.

యింజను ప్రక్క బిగించిన యిత్తడి ఫలకముపై కర్మాగారము పేరు, వరుససంఖ్య, నిర్మాణవత్సరము పోతపోసి యుండును. కాని తెల్లవారుజామున బూడిదగుంటలో దిగి నిప్పుకణికలు లాగినవారి పేరు, సుత్తితో చక్రమును తట్టి ఆ మ్రోతనుబట్టి బీటను పసిగట్టిన ఫిట్టరు పేరు, వేసవి మధ్యాహ్నమున కొలిమి యెదుట పారతో బొగ్గు విసరిన ఫైర్‌మను పేరు ఏ లోహముపైనను లేదు. మన ఉక్కునగరమున పనితనమునకు పునాది వేసినవారిలో వీరును కలరు. వారి పనిముట్లు, హాజరుపట్టీలు, పాత ఛాయాచిత్రములు రైల్వే కాలనీల యిండ్లలో మిగిలియుండగనే సేకరించి, మన విశాఖ మ్యూజియమున వారికొక గది కేటాయింపవలెను.