వంత అడగని ప్రశ్న: డెంగీ, బోదకాలు, జానపద ప్రదర్శనలో సందేహానికి ఉన్న చోటు

తమిళనాడులో రాజపాళయం పక్కనున్న చోళపురంలో, తెలుగు మాట్లాడే ఇళ్లలో డెంగీ గురించి అడుగుతూ తిరిగినప్పుడు ఒక ఇల్లాలు ఎదురు ప్రశ్న వేసింది. డ్రమ్ములో నీళ్లు మొత్తం పారబోసింది, ఎండలో బోర్లించింది, మళ్లీ నింపింది. పట్టుమని పది రోజులు కాకముందే అందులో పురుగులు కదలాడాయి. అవి ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఆ ప్రశ్నకు కరపత్రంలో జవాబు లేదు. నీళ్లు నిల్వ ఉంచవద్దని మాత్రమే అందులో ఉంది. కుళాయి రోజూ రాని ఇంట్లో ఆ మాట ఎవరికి పనికొస్తుంది? పైగా అది తమిళంలో ఉంది. బడికి వెళ్లే మనవడు చదవగలడు, నీళ్లు పట్టే నాయనమ్మ చదవలేదు. శాస్త్రం దగ్గర మాత్రం జవాబు ఉంది. ఈడిస్ దోమ గుడ్లను నీటిలో వదలదు, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర లోపలి గోడకు అంటిస్తుంది. ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి, పురుగు దశ దాటి దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. ఆ ఇల్లాలు తన కళ్లతో చూసినదాన్నుంచే సరైన సందేహానికి వచ్చింది. దాన్ని వినడానికి మన ఆరోగ్య ప్రచారంలో ఎవరూ లేరు.

ఎందుకు లేరన్నదే నా వాదం. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల విషయంలో కళారూపాలను వాడుకోవడం గురించి మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఎవరెట్ రోజర్స్ 1962లో రాసిన 'డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్' నీడలో నడిచాయి. అయోవా రైతులు సంకర మొక్కజొన్న విత్తనాన్ని ఎలా అందుకున్నారన్న పాత అధ్యయనం మీద నిలబడిన పుస్తకం అది. అందులో కొత్త సంగతి పైనుంచి కిందికి పారుతుంది. తొందరగా అందుకున్నవాడు ముందువాడు, ఆలస్యం చేసినవాడు వెనుకబడినవాడు. ఈ చట్రంలో బుర్రకథ ఒక గొట్టం. ఒక చివర సందేశం పోస్తే మరో చివర ప్రవర్తన మారి బయటికి రావాలి. ఎంతమంది విన్నారు, ఎంతమందికి గుర్తుంది అన్న ప్రశ్నావళితో పరిశోధన ముగుస్తుంది. చోళపురం ఇల్లాలు ఆ ప్రశ్నావళిలో 'సందేశం పాటించలేదు' అన్న గడిలో పడుతుంది. ఆమె సందేహం రాసుకోవడానికి గడి లేదు. రోజర్స్ తర్వాతి కూర్పుల్లో తన చట్రాన్ని కొంత సవరించుకున్నాడు. మనవాళ్లు మాత్రం మొదటి కూర్పు దగ్గరే ఆగిపోయారు.

బుర్రకథను దగ్గరగా చూస్తే అది గొట్టం కాదని తెలుస్తుంది. తంబుర పట్టిన కథకుడు, గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. వంత పని తందాన పాడటంతో తీరదు. అతడు కథను ఆపుతాడు. 'అదెలా కుదురుతుంది?' అంటాడు. సభలో కూర్చున్నవాడి నోట్లో నలుగుతున్న అనుమానాన్ని వేదిక మీదికి తెస్తాడు. కథకుడు జవాబు చెప్పుకున్నాకే కథ ముందుకు పోతుంది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక ఈ రూపాన్ని ఊరూరా నిలబెట్టిన షేక్ నాజర్ గొంతు గురించి మనవాళ్లు చాలా రాశారు, రాయాల్సిందే. ఆ గొంతుకు ఎదురు నిలిచి అడిగిన వంతల గురించి రాసింది మాత్రం చాలా తక్కువ. నా ఉద్దేశంలో బుర్రకథలో విజ్ఞానశాస్త్రానికి అతి దగ్గర చుట్టం వంతే. చూసినదానికీ చెప్పినదానికీ పొసగనప్పుడు అడ్డుపడటమే కదా శాస్త్రపు మొదటి మెట్టు.

దీన్ని బోదకాలు మీద పెట్టి చూద్దాం. 1955 నుంచి దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఉంది. 2004 నుంచి ఏటా ఒకసారి జనానికి మాత్రలు పంచే పద్ధతి వ్యాధి ఉన్న జిల్లాలకు వచ్చింది. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డి.ఇ.సి., ఆల్బెండజోల్ ఇచ్చారు. 2002 జాతీయ ఆరోగ్య విధానం 2015 కల్లా వ్యాధిని నిర్మూలిస్తామంది. 2017 విధానం ఆ ఏడాదికే అంది. ఇప్పటి గడువు 2027. గడువులు ఎందుకు జారుతున్నాయో ఈ రంగంలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. మాత్ర చేతికి అందుతుంది, గొంతు దిగదు. రిజిస్టరులో టిక్కు పడుతుంది, మాత్ర గూట్లో ఉంటుంది.

మింగనివాడికి రెండు సందేహాలు ఉన్నాయి, రెండూ తెలివైనవే. నాకు కాలు వాయలేదు, జబ్బు లేదు, మందెందుకు? ఇది మొదటిది. మా పక్కింటివాడు మింగిన రాత్రే జ్వరంతో మూలిగాడు, ఇది మందా, విషమా? ఇది రెండోది. మొదటిదానికి జవాబు రాత్రి నెత్తుటిలో ఉంది. బోదపురుగు పిల్లలు పగలు లోపలి అవయవాల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే నడిరాత్రి వేళకు చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి వస్తాయి. అందుకే రక్తపూత రాత్రే తీయాలి. పైకి నిక్షేపంగా ఉన్న మనిషి నెత్తురు కూడా సూక్ష్మదర్శిని కింద ఆ పిల్లలతో కదలాడవచ్చు. రెండోదానికి జవాబు ఇంకా అబ్బురం. చాలాసార్లు ఆ జ్వరం మాత్ర వల్ల కాదు, మాత్ర దెబ్బకు చస్తున్న పురుగు పిల్లల వల్ల వస్తుంది. ఎక్కువ పురుగులున్నవాడికే ఎక్కువ జ్వరం. అంటే పక్కింటివాడి జ్వరం చాలాసార్లు అతడికి మందు అవసరమనడానికి సూచన. ఈ ఒక్క మలుపు చాలు, అరగంట కథ నడపడానికి. ప్రభుత్వ శాఖలు రాయించే కథల్లో అదే ఉండదు. జ్వరం పేరెత్తితే జనం బెదురుతారని రాతప్రతిలోంచి ముందే తీసేస్తారు. వంతను మిగులుస్తారు, ప్రశ్నను తీసేస్తారు. బుర్రకథలు ఆడిన ఊళ్లలో కూడా మాత్రలు మిగిలిపోవడానికి కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. జ్వరం సందేహాన్ని మొదటి ఏడాదే వేదిక ఎక్కించి ఉంటే 2015 గడువు మాట దక్కేదేమో.

ఈ నమ్మకానికి నెల్లూరు బలం ఇస్తుంది. 1990 దశకం మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో జనవిజ్ఞానవేదిక కార్యకర్తలు కళాజాతాలతో ఊళ్లు తిరిగారు. పాటా నాటకమూ చూసి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ల చేతిలో పెట్టిన వాచకంలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ, సీతమ్మ కథ, ఉంది. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు దాన్ని పాఠంగా అప్పజెప్పలేదు. మన ఊళ్లో ఎందుకు కాదు అని అడిగారు. వారిలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పబోయినవాళ్లు ఈ ఫలితాన్ని ఊహించలేదు. అది గొట్టం లోంచి వచ్చింది కాదు, కథ విన్నవాళ్ల ప్రశ్న లోంచి వచ్చింది. బడి, కళ, చూపు ఒకచోట కలిస్తే జనం తమ రోగాన్ని తామే వెతికి పట్టుకోగలరని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? సారా దోమ కాదనీ, నెల్లూరు ఉద్యమం వెనుక జిల్లా యంత్రాంగం కూడా ఉందనీ అనవచ్చు. అయినా ఆ ప్రశ్న అడిగింది ఆడవాళ్లే.

చోళపురానికి బుర్రకథ తీసుకెళ్లమని నేను అనడం లేదు. ఆముక్తమాల్యదను తమిళంలోకి తెచ్చిన ము.కు. జగన్నాథ రాజా పుట్టిన రాజపాళయం ప్రాంతంలో తెలుగు ఇంటి మాట, తమిళం చదువు మాట. తమిళనాడు దక్షిణ జిల్లాల సొంత కళ విల్లుపాట్టు. విల్లు ముందు కూర్చున్న గాయకుడికి పక్కన ఊకొట్టేవాడు, మాట కలిపి అడిగేవాడు అక్కడా ఉన్నాడు. పాట తమిళంలో సాగనివ్వండి, అడ్డుప్రశ్న తెలుగులో పడనివ్వండి. రెండు భాషలూ తెలిసిన ఊరికి అది వింతేమీ కాదు. నాయనమ్మ అడగలేకపోయిన మాట ఆమె భాషలోనే వేదిక మీద వినబడుతుంది.

బడిలో చేయాల్సింది ఇంకా చిన్న పని. పిల్లలు ఒక గాజు గ్లాసులో పురుగులున్న నీళ్లు పోసి, పైన పలచని గుడ్డ కట్టి, రోజూ చూసి బొమ్మ వేయాలి. మాస్టారు గీసిన బొమ్మను చూసి వేయకూడదు. తలకిందులుగా వేలాడే పురుగు, కామాలా వంగిన ప్యూపా, ఒక పొద్దున గుడ్డకింద వాలిన దోమ, ఇవన్నీ తేదీ వేసి గీయాలి. డ్రమ్ము లోపలి గోడను భూతద్దంతో చూసి, నల్లని గుడ్లు నీటి అంచుకు ఎంత పైన ఉన్నాయో గీయాలి. ఆ కాగితాలే విల్లుపాట్టు రాసేవాడికి ముడిసరుకు. ప్రదర్శన రాతప్రతిలో వంత మాటలకు ఖాళీ వదిలి, ఆ ఊళ్లో నీళ్లు పట్టే ఆడవాళ్లను కూర్చోబెట్టి వారి ప్రశ్నలతోనే ఆ ఖాళీ నింపాలి. పై అధికారి ఆమోదముద్ర పడేది గాయకుడి మాటలకే, ఆ ప్రశ్నలకు కాదు.