కొలిమికి గాలే ప్రాణం: గ్యాస్ భట్టీ కొనే ముందు ఒక పాత ముచ్చట



మన కోర్పనా పిల్లలు కొందరు సరదాగా కమ్మరం నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో చవక గ్యాస్ భట్టీ తెప్పించారు. నలుగురం కూడి ముట్టించి చూశాం. ఇనుము ఎర్రబడింది గానీ పసుప్పచ్చ రంగుకు రాలేదు, సుత్తె దెబ్బకు సాగలేదు. "గ్యాస్‌తో అయ్యే పని కాదు" అన్నారు పెద్దలు. "ఇక కమ్మరమే వద్దు" అన్నారు పిల్లలు. మనలో కొలిమి ముందు పెరిగిన ఒక తాత మాత్రం ఒక్కటే అడిగాడు: "దీనికి తిత్తి ఏదిరా?"

ఆ ప్రశ్నలోనే మన చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మనవాళ్లు మూసల్లో ఉక్కు కరిగించేవారు. దాన్ని కత్తుల కోసం పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వాయిసీ అనే ఇంగ్లీషాయన ఆ పని చూసి రాసింది 1832లో అచ్చయింది. అక్కడ మండింది కట్టెబొగ్గే. తర్వాత మన చాందా ప్రాంతంలో గనులు తెరిచారు, కొలిమిలోకి రాతిబొగ్గు వచ్చింది. తోలుతిత్తి పోయి చేతిపంకా వచ్చింది. 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న మన రాజూరా తాలూకా 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా, బొగ్గు మారినా, గాలి ఊదనిదే ఇనుము మెత్తబడలేదు.

గ్యాస్ భట్టీలో తిత్తి పని చేసేది బర్నరే. గ్యాస్ జోరుగా చిమ్మితేనే అది చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది. మన పిల్లలు వంటపొయ్యి రెగ్యులేటర్ బిగించారు. దాని ఒత్తిడి చాలా తక్కువ. తప్పు గ్యాస్‌ది కాదు, గాలిది.

కాబట్టి కొనేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. ఒత్తిడి పెంచి తగ్గించే హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన గొట్టం ఉండాలి. లోపలి సిరామిక్ ఉన్ని మీద వేడికి తట్టుకునే పూత తప్పనిసరి. లేకుంటే ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటి సిలిండర్ వంటకే, దీనికి వాడకూడదు. మూసిన గదిలో అసలే వెలిగించొద్దు, వాసన లేని విషవాయువు పుడుతుంది.

ట్రాక్టర్లు వచ్చాక నాగలి కర్రు సాగగొట్టించుకునేవాళ్లు తగ్గారు. పని తెలిసిన చేతులు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వచ్చే మీటింగులో మా మాట ఇదే: మంచి రెగ్యులేటర్ ఖర్చు సంఘం పెట్టుకోవాలి, భట్టీ పక్కన తాతకు ఒక కుర్చీ వెయ్యాలి. ఏ రంగుకు ఇనుము తియ్యాలో చెప్పగలిగేది ఆయనే.