చుట్టరికం నడిపిన మతం

మన విమర్శలో కొన్ని మాటలు ఏ పరీక్షకూ నిలవకుండానే పాతుకుపోయాయి. “కరువులో గంజి పోసి క్రైస్తవంలో కలుపుకున్నారు” అన్నది అలాంటి మాట. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కొన్నేళ్ళ క్రితం పదో తరగతికి జాషువా పాఠం చెబుతూ, ఆయనకు ముందు తరాల పల్లెల స్థితి వివరించే సందర్భంలో ఈ ముక్క విసిరాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, “మా వాళ్ళు కరువుకు ముందే కలిశారంట సార్. మా అవ్వ చెప్పింది. వాళ్ళ తాతకు మేనమామ వచ్చి చెప్పాడంట” అన్నాడు. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత సిగ్గుపడి ఒంగోలు మిషన్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో స్థిరపడింది 1840లో. పాతికేళ్ళ పాటు వాళ్ళ ప్రచారానికి దక్కిన ఫలితం బహు స్వల్పం. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది. ఆ తర్వాత వేల సంఖ్యలో జనం కదిలారు. మిషనరీ గ్రంథాలు ఈ కదలికను దొర గొప్పతనానికి ముడిపెట్టాయి. మనం ధాతు, ఈశ్వర సంవత్సరాల కరువుకు ముడిపెట్టాం. రెండింటిలోనూ కనపడనిది మాదిగపల్లె మనిషి.

ఆ మనిషి పేరు యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఆయన గురించి ఈమాత్రమైనా మనకు తెలియడానికి కారణం క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. పల్లె పెద్దల నోట విన్న సంగతులతో 1899లో ఆమె పుస్తకం వేసింది. క్రైస్తవం దాకా వచ్చేసరికి పేరయ్య ఖాళీ పాత్ర కాడు. అప్పటికే రాజయోగ సాధకుడు. వీరమ్మ అనే గురువమ్మ దగ్గర ఉపదేశం పొందినవాడు. చదువు నిషేధించిన పల్లెలో తత్త్వాలూ గురుశిష్య సంబంధాలూ ఒక సమాంతర విద్యగా నడిచాయన్న విషయం మన సాహిత్య చరిత్రకారులకు పట్టలేదు. అది వేరే వ్యాసం. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ దగ్గర ఆయన కొత్త మతం సంగతి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు.

తర్వాత జరిగినదే అసలు కథ. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల జనం భార్యాబిడ్డలతో, తిండి మూటలతో చింతతోపుకు చేరుకున్నారు. ఆ కొద్ది రోజుల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర అక్కడ అప్పటిదాకా అడుగు పెట్టలేదు. మరి వాళ్ళకు చెప్పిందెవరు? పేరయ్య, పేరయ్య చుట్టాలు. తోళ్ళు కొనడానికి పోయే మాదిగకు పరాయి ఊళ్ళో సత్రం లేదు, రచ్చబండ లేదు, దేవళం అరుగు లేదు. రాత్రికి తల దాచుకోవలసింది ఆ ఊరి మాదిగపల్లెలో బావమరిది ఇంటనో, వియ్యంకుడి ఇంటనో. కులవ్యవస్థ ఆయనకు వదిలిన దారి అదొక్కటే. కొత్త మతం ఆ దారినే నడిచింది. అన్నం తిన్నాక వాకిట్లో సాగే మాటల్లోకి అమెరికా దొర తెలుగు ఎంత చక్కనిదైనా ప్రవేశించలేదు.

దీన్ని కేవలం ఆప్యాయతల వ్యవహారంగా చూస్తే పొరపాటు. చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి మతనియమాలు, ఊరి లెక్కలో మాత్రం ఇది వెట్టి మీద తిరుగుబాటు. జాతర్లో డప్పు కొట్టేవాడు కొట్టనన్నాడు. కోతల రోజుల్లో ఆదివారం రానన్నాడు. ఆసామికీ మాదిగకూ మధ్య తరతరాల సంబంధం బీటలు వారింది. ఊరు ఊరుకుంటుందా? నీళ్ళు ఆపారు, కూలి ఆపారు, చాకలినీ కుమ్మరినీ రానివ్వలేదు. అటువంటి కట్టడిని ఒంటరి మనిషి తట్టుకోలేడు. అన్నదమ్ములూ అల్లుళ్ళూ కలిసి నిలబడితేనే నిలవగలడు. కుటుంబాలు కుటుంబాలుగా చేరడాన్ని చూసి “మందలాగా మారారు” అని ఈసడించినవాళ్ళు ఈ సంగతి ఆలోచించలేదు. వ్యక్తిగత విశ్వాసం అన్నది నీళ్ళూ కూలీ భద్రంగా ఉన్నవాడి సౌకర్యం.

ఒంగోలులో మొదట్లో అగ్రవర్ణాల పిల్లలూ మిషన్ బడికి వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేముండమని వాళ్ళ పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ మాదిగల పక్షం నిలిచాడు. ఆయన పట్ల నాకున్న గౌరవంలో ఎక్కువ పాలు ఈ నిర్ణయానిదే.

ఇక కరువు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం మతం అన్న నింద రాకుండా, సహాయం సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపాడు. మళ్ళీ మొదలయ్యాక 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మనకు గుర్తున్నది ఈ అంకె ఒక్కటే. కానీ కరువుకు ముందే ఆ సంఘంలో మూడు వేల పైచిలుకు సభ్యులున్నారు. కరువు పాత్ర లేదని నేననడం లేదు. ఎక్కడెక్కడి పల్లెల చుట్టాలనో కాలువ గట్టు మీద ఒకచోట చేర్చింది అదే. పగలు పని చేయించిన పల్లె బోధకులే సాయంత్రం వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడారు. కరువు ఆ దారిని వెడల్పు చేసింది; దారి వేసింది మాత్రం పేరయ్య, ఆయన బంధుకోటి.

ఇక్కడే నా చిక్కు. పెండ్లి సంబంధాల వెంట నడిచిన మతం, పెండ్లి సంబంధాలు ఆగినచోట ఆగింది. ఒంగోలు బాప్టిస్టుల్లో అధికులు మాదిగలు, గుంటూరు లూథరన్లలో అధికులు మాలలు. ఒకే దేవుడు, ఒకే గ్రంథం. రెండు పల్లెల మధ్య పాతగోడ అలాగే నిలిచింది. 1955లో మెక్‌గావ్రన్ అనే మిషనరీ పండితుడు ఈ బంధుత్వాలను దేవుడి వంతెనలన్నాడు. మనుషులను కులగోడ దాటించకుండానే మతంలోకి తీసుకురావచ్చునని సిద్ధాంతీకరించాడు. పేరయ్యకు గత్యంతరం లేక పట్టిన దారిని వ్యూహంగా మార్చడం నాకు మింగుడుపడదు. అయితే పేరయ్యకు మరో దారి ఏదుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ కుర్రాడి ఇంటికి ఒక ఆదివారం సాయంత్రం వెళ్ళాను. అవ్వ మంచం మీద కూర్చుని, ఎవరి కూతురు ఏ ఊరికి కోడలిగా పోయిందో, ఆ ఊళ్ళో ఎప్పుడు ప్రార్థన మొదలయిందో వేళ్ళు మడుస్తూ చెప్పింది. సంవత్సరాలు చెప్పలేదు, పెండ్లిళ్ళు చెప్పింది. ఆమె లెక్కలో మగ బోధకుల పేర్లకన్న కోడళ్ళ పేర్లే ఎక్కువ. నాకు నాగమ్మ గుర్తొచ్చింది. భర్త పక్కన నీళ్ళలో దిగిందన్న ఒక్క వాక్యం తప్ప నా నోట్సులో ఆమె గురించి ఏమీ లేదు. పక్కనున్న మాలపల్లెకు ఈ మాట ఎవరు తీసుకెళ్ళారని అడిగాను. అవ్వ కాసేపు ఆలోచించి, “అటు మనకెవురున్నారయ్యా” అని, మనవడిని మంచినీళ్ళు తెమ్మని కేకేసింది.