ఉంగరం బిగుసుకుపోతే: గుర్తించడం, తీయడం, సరిచేయించడం

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ 1892లో ప్రారంభమైన ఓడరేవుకు ప్రసిద్ధి. హుగ్లీ తీరంలోని ఈ ప్రాంతంలో వేసవిలోనూ, వర్షాకాలంలోనూ ఉక్కపోత అధికం. వేడికి వేళ్లు కొంత ఉబ్బడం సహజం కనుక, శీతాకాలంలో వదులుగా తిరిగిన ఉంగరం ఈ రోజుల్లో బిగుసుకుపోవచ్చు. ఉప్పు అధికంగా తినడం, గర్భధారణ, కీళ్లవాతం, బరువు పెరగడం, వేలికి దెబ్బ తగలడం కూడా ఇందుకు కారణాలే.

గుర్తించేదెలా?

సరైన ఉంగరం కణుపు వద్ద స్వల్పంగా ఆగి దాటుతుంది. వేలి మొదట తేలికగా తిరుగుతుంది. తిరగకపోయినా, ఇరువైపులా చర్మం ఉబ్బినా, తీశాక లోతైన గాడి చాలాసేపు మిగిలినా అది బిగుతుగా ఉన్నట్టే. వేలు నీలంగా లేదా పాలిపోయి, చల్లబడి, తిమ్మిరెక్కితే రక్తప్రసరణకు ఆటంకం కలిగినట్లు భావించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తీసే విధానం

ముందుగా చేతిని గుండె కంటే ఎత్తులో కొన్ని నిమిషాలు ఉంచి, చల్లటి నీటిలో ముంచాలి. తర్వాత సబ్బు లేదా కొబ్బరినూనె రాసి, లాగకుండా మెల్లగా తిప్పుతూ జరపాలి. ఫలించకుంటే సన్నని నునుపైన దారం కొనను ఉంగరం కిందుగా అరచేతి వైపు దూర్చాలి. మిగిలిన దారాన్ని ఉంగరం అంచు నుంచి కణుపు దాటే వరకు వరుసగా చుట్టాలి. అరచేతి వైపు కొనను వేలి చివరి దిశగా లాగి విప్పుతుంటే ఉంగరం ముందుకు జరుగుతుంది. గాయం, ఎముక విరుగుడు అనుమానం, తీవ్రమైన వాపు ఉంటే ఈ పద్ధతి తగదు.

కత్తిరించవలసి వస్తే బంగారం, వెండి సులభంగా తెగుతాయి. స్టీలు, టైటానియం ఉంగరాలకు గట్టి పరికరాలు అవసరం. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను కోయలేరు, పట్టుకారుతో నొక్కి పగలగొడతారు. దేశంలోని పలు నగరాల్లో అగ్నిమాపక సిబ్బంది సైతం ఈ సాయం అందిస్తున్నారు.

సరిచేయించడం

స్వల్ప తేడా అయితే స్వర్ణకారుడు రాళ్లు లేని ఉంగరాన్ని సాగదీస్తాడు. ఎక్కువైతే కోసి, అదే స్వచ్ఛత గల బంగారు ముక్కను చేర్చి టంకం వేస్తాడు. 22 క్యారెట్ల నగపై 916 హాల్‌మార్క్ గుర్తు చెరగకుండా కోయమని ముందే చెప్పాలి. పనికి ముందూ తర్వాతా తూకం వేయించాలి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని పెంచడం కష్టం. కొలతను వేళ్లు చల్లగానో, ఉబ్బిగానో లేనప్పుడు, వేర్వేరు వేళల్లో తీయించడం మేలు.

రేవుల్లో, కర్మాగారాల్లో పనిచేసేవారు విధులకు ముందే ఉంగరం తీసివేయాలి. కొక్కేనికో, తాడుకో, యంత్రానికో చిక్కుకున్న ఉంగరం చర్మాన్ని ఒలిచివేయగలదు, వేలినే తెంపగలదు.