ఎలక్ట్రిక్ చోక్: లోపాలు, పరీక్ష

పాత కార్బురేటర్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలిని తగ్గించి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే పరికరం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో డ్రైవరు చేత్తో లాగే చోక్ పనిని ఇందులో బైమెటల్ స్ప్రింగు చేస్తుంది. ఇగ్నిషన్ వేయగానే 12 వోల్టుల కరెంటుతో హీటరు కాయిల్ వేడెక్కుతుంది. స్ప్రింగు సడలి, చోక్ పలక కొద్ది నిమిషాల్లో నిలువుగా తెరుచుకుంటుంది.

లక్షణాలు: పలక తెరుచుకోకపోతే నల్లపొగ, పెట్రోలు వాసన, ప్లగ్గుకు మసి, మైలేజీ తగ్గుదల. మూసుకోకపోతే పొద్దున్నే స్టార్టవదు.

పరీక్ష: ఎయిర్ ఫిల్టరు తీసి, చల్లని ఇంజిన్‌పై ఇగ్నిషన్ వేసి పలకను గమనించాలి. కదలకపోతే ఫ్యూజు, చోక్ వైరులో వోల్టేజి, ఎర్తు వరుసగా చూడాలి. కరెంటు అందుతున్నా కాయిల్ వేడెక్కకపోతే దాన్ని మార్చాలి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి కరెంటు తీయకూడదు. అక్కడ వోల్టేజి చాలదు.

అనంతపురంలో: వర్షచ్ఛాయా ప్రాంతమైన ఈ పీఠభూమిలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది కనుక చోక్ అవసరం స్వల్పం, తెరుచుకోకపోవడమే ఎక్కువ నష్టం. దుమ్ము, పెట్రోలు జిగురు చేరి ఇరుసు బిగుసుకుంటే కార్బురేటర్ క్లీనరుతో కడగాలి, నూనె వేయరాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు అమలయ్యాక కొత్త ద్విచక్ర వాహనాల్లో దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షనే ఉంటోంది కనుక వాటికి ఈ చోక్ అవసరం లేదు.