వెంగమాంబకు బహుమతి ఎవరిచ్చారు?

కవుల జయంతి వచ్చిందంటే చాలు, మన ఊళ్లలో గోడల మీదా, గ్రంథాలయం తలుపు మీదా ఒక కాగితం వెలుస్తుంది. "ఫలానా వారి స్మారక కవితల పోటీ. కవిత మీద పేరు రాయరాదు. పేరు, చిరునామా విడిగా ఒక కాగితం మీద రాసి జతపరచవలెను." బహుమతి నూటపదహార్లో, ఒక శాలువానో, నాలుగు పుస్తకాలో.

అందులో నాకు నచ్చేది బహుమతి కంటే ఆ రెండో వాక్యమే. కవిత మీద పేరు రాయరాదట! ఆడవాళ్లకు ఇంతకంటే గొప్ప నిబంధన మరొకటి ఉందంటారా? రాసింది ఫలానా వారి కోడలా, ఇంకా పెళ్లి కాని పిల్లా, భర్త పోయి పుట్టింట్లో ఉన్న మనిషా అన్న విచారణ లేకుండా, ముందు కవిత్వాన్ని చదువుతారన్నమాట. పేరు చూసి కవిత్వం కొలిచే లోకంలో ఇది చిన్న విషయం కాదు.

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో ఎవరి పేరిట ఇలాంటి పోటీ పెట్టాలి అని అడిగితే, నేనైతే తడుముకోకుండా తరిగొండ వెంగమాంబ పేరే చెబుతాను. చౌడేపల్లె నుంచి పుంగనూరు, అక్కడి నుంచి మదనపల్లె, ఆ పైన వాయల్పాడు దారి పడితే దగ్గరలోనే తరిగొండ. బోయకొండ గంగమ్మకు మొక్కుకునే ఆడవాళ్లకు వెంగమాంబ పరాయి ఊరి మనిషేం కాదు.

ఆమె 1730లో పుట్టింది. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమ్మ. నృసింహ జయంతి నాడే పుట్టిందని చెబుతారు. తరిగొండలో వెలసింది లక్ష్మీ నరసింహస్వామి కాబట్టి ఊరివాళ్లకు ఆ ముచ్చట మరీ ఇష్టం. చిన్నతనంలోనే పెళ్లయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో ఆ తర్వాత ఏం జరుగుతుందో మన అమ్మమ్మలను అడిగితే చెబుతారు. తల తీయించుకోవాలి, మూల గదిలో కూర్చోవాలి, శుభకార్యాలకు ఎదురు రాకూడదు. వెంగమాంబ ఒప్పుకోలేదు. బొట్టు తీయనంది, జుట్టు ఇవ్వనంది. స్వామే తన భర్త అంది. పీఠాధిపతి వచ్చి శాసిస్తే తల తీయించుకుని నదిలో మునిగిందట, లేచేసరికి జుట్టు మళ్లీ వచ్చేసిందట! ఇది కథే కావచ్చు. కానీ ఆ కథను తరతరాలుగా చెప్పుకున్న ఆడవాళ్ల మనసులో ఏముందో ఊహించుకోండి. తమకు జరగనిది ఒక్క మనిషికైనా జరిగిందని నమ్మడంలో ఎంత ఊరట!

ఆమెకు యోగవిద్య చెప్పిన గురువు మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యయ్య గారు. ఒక వితంతువుకు, అదీ చిన్న వయసులో ఉన్న పిల్లకు, విద్య చెప్పడానికి ఒప్పుకున్న ఆ పెద్దమనిషిని కూడా తలుచుకోవాలి. తరిగొండలో ఉండగానే నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం వంటివి రాసింది. తర్వాత తిరుమల చేరింది. అక్కడా సుఖం లేదు. పొరుగువాళ్ల వేధింపులు పడలేక కొన్నాళ్లు తుంబురు తీర్థం దగ్గర గుహలో తపస్సు చేసిందంటారు. తిరిగి వచ్చాక వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, ఎన్నో యక్షగానాలు రాసింది. 1817లో కన్నుమూసింది. తిరుమలలో ఆమె బృందావనం ఉంది.

నేను ఓనమాలు కూడా సరిగా నేర్వలేదని, స్వామి పలికిస్తే పలికానని ఆమె చెప్పుకుంది. ఇది వినయమా, లేక పండితుల నోరు మూయించే ఉపాయమా? రెండూ అనుకుంటాను. "ఆడదానికి ఛందస్సు ఎవరు చెప్పారు?" అని అడిగేవాళ్లకు "దేవుడు చెప్పాడు" అన్న జవాబుకు ఎదురు జవాబు ఏముంటుంది!

ఆమె పట్టుకున్న ఛందస్సు కూడా చూడండి. ప్రబంధం రాయగల మనిషే. అయినా ద్విపదను వదల్లేదు. ద్విపద అంటే రెండేసి పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, యతి, ప్రాస. చదువురాని వాళ్లు కూడా ఒకరు అంటే ఇంకొకరు అందుకుని పాడుకోవచ్చు. యక్షగానమూ అంతే. వీధిలో కూర్చున్న వాళ్లందరికీ అందుతుంది.

మరి ఆమెకు బహుమతి ఎవరిచ్చారు? రాజాస్థానంలో కూర్చోలేదు, గండపెండేరం తొడిగించుకోలేదు, కృతులు స్వామికే ఇచ్చింది. బహుమతి మాత్రం వచ్చింది. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తాళ్లపాక వారి లాలి అయ్యాక వెంగమాంబ ముత్యాల హారతి. "తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని నానుడి. ఆమె పేరు వినకుండా స్వామి నిద్రపోడన్నమాట! నృసింహ జయంతికి ఆమె కొండ మీద అన్నదానాలు చేసింది. ఆ జ్ఞాపకంగానే 2011లో తెరిచిన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు. కవయిత్రికి ఆకలి తీర్చే చోట పేరు దక్కడం ఎంత బాగుంది!

అయితే జ్ఞాపకోత్సవాలన్నీ ఆడవాళ్లను ఆదరించాయని అనుకోకండి. త్యాగరాజస్వామికి తిరువయ్యారులో సమాధి మందిరం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సొమ్ముతో. కానీ ఆ ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు! 1920లలో ఆమె సమాధి వెనక వేరుగా ఆడవాళ్ల ఆరాధన మొదలుపెట్టింది. 1940ల తొలినాళ్లలో గానీ అందరూ కలిసి పాడటం కుదరలేదు. గుడి కట్టినదానికే గొంతు విప్పే హక్కు లేకపోతే, ఇక మామూలు వాళ్ల సంగతేం చెప్పాలి?

పాటకు వినేవాళ్లు కావాలని చెప్పే మరో సంగతి మదనపల్లెలోనే జరిగింది. 1915లో అనిబిసెంటు పెట్టిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చాడు. అక్కడ ఒక సాయంత్రం జనగణమన పాడాడు. ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరుసను స్వరాల్లో రాసిపెట్టింది. ఆ పాటకు ఠాగూర్ ఇంగ్లీషు అనువాదం చేసిందీ ఆ ఊళ్లోనే. 1917లో మహిళా భారత సంఘం స్థాపించిన వాళ్లలో ఒకరు ఈ మార్గరెట్టే. ఒక ఆడమనిషి శ్రద్ధగా విని కాగితం మీద పెట్టబట్టే, ఆ వరుస భద్రంగా నిలిచింది.

వెంగమాంబ జయంతి, వర్ధంతులకు తిరుమల తిరుపతి దేవస్థానం సాహిత్య సదస్సులు జరుపుతోంది, ఆమె గ్రంథాలు అచ్చు వేయించింది. మంచిదే. కానీ ఊళ్లలో పెట్టే స్మారక పోటీలకు నాదొక చిన్న మనవి. దండ వేసి దణ్ణం పెట్టి ఊరుకోకండి. పోటీకి ముందు ఆమె రాసింది నాలుగు పుటలైనా చదివించండి. ఒక విభాగం ద్విపదకు ఉంచండి. రాయడం రాక, పాడటం మాత్రం వచ్చిన అవ్వలను కూడా పిలిచి పాడించండి, పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టి రాయించండి. మొదటి బహుమతి వచ్చిన కవితనే గాక, రానివి కూడా పదిమందిలో చదవండి.

వంటింటి అలమరలో పప్పు డబ్బాల వెనక, పాల లెక్కల పుస్తకం చివరి పుటల్లో ఎన్ని పద్యాలు పడి ఉన్నాయో ఎవరికి తెలుసు? వెంగమాంబకు గుహ దొరికింది, గురువు దొరికాడు, చివరికి స్వామి దొరికాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు. ఒక తపాలా కవరు, పేరు అడగని ఒక న్యాయనిర్ణేత, వినే నలుగురు దొరికినా చాలు. ఈసారి గోడ మీద ఆ కాగితం కనబడితే ఆఖరు తేదీ చూసుకోండి. మీ ఇంట్లో రాసేవాళ్లుంటే, వాళ్లకు కవరు కొనిపెట్టండి.